లాభం, రెండు, మూడు

కలెక్టరాఫీసు గోడ పక్కన
నా కుర్చీకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.
ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను.
"మహారాజశ్రీ" దగ్గర మొదలెట్టి
"చిత్తగించవలెను" దగ్గర చేతులు దులుపుకుంటాను.

ఇవాళ నాగుల్ మీరా వచ్చాడు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో కాపలా.
మిలిటరీ మీసం, మిర్చి దగ్గు.
సంచిలోంచి లైసెన్సు పుస్తకం తీసి
పసిబిడ్డ జాతకంలా నా ముందు విప్పాడు.

"పంతులు గారూ, నా దగ్గర ఎన్ని తూటాలుండొచ్చో
ఇందులో ఎక్కడుందో కాస్త చూసి చెప్పండి."

చూశాను.
మూడో పేజీలో ఇరవై ఐదు.
ఏడో పేజీలో ఆ ఇరవై ఐదుని ఎవరో కొట్టేసి, పక్కన యాభై.
యాభై మీద రబ్బరు ముద్ర,
ముద్ర మీద టీ మరక.
ఒక్కసారికి ఇరవై ఐదా, ఏడాది మొత్తానికా?
ఏడాదంటే జనవరి నుంచా, ఏప్రిల్ నుంచా,
లేక లైసెన్సు పుట్టినరోజు నుంచా?
సెక్షన్‌లో అడిగితే స్టేషన్‌కి పొమ్మన్నారట.
స్టేషన్‌లో అడిగితే కొన్న చోట అడగమన్నారట.
బెజవాడ వెళ్లి అడిగితే
షాపువాడు పాత ఖాతా దులిపి
"చాచా, అమ్మడం వరకే నాది, లెక్క నీది" అన్నాడట.

తుపాకీ జంట గొట్టాలది.
దాని కడుపులో పట్టేవి రెండే.
కాగితం కడుపులో ఎన్ని పడతాయో
గుంటూరులో చెప్పేవాడు లేడు.

పద్దెనిమిదేళ్లు టిక్కీల మధ్య తిరిగాడు.
పేల్చింది ఒక్కసారి.
కాదు, పేల్చబోయింది.
అర్ధరాత్రి షట్టరు దగ్గర అలికిడైతే
గాల్లోకి గురిపెట్టి నొక్కాడు.
టక్కుమంది, అంతే.
చల్లటి గదుల చెమ్మ మందులోకి దిగింది.
అలికిడి చేసింది పందికొక్కు.
అది కూడా పారిపోలేదట.

ఎన్నికలొచ్చాయి, అప్పజెప్పమన్నారు.
తుపాకీని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లి
రైటర్ బల్ల మీద తూటాలు పరిచి
"లాభం, రెండు, మూడు..." అని మొదలెట్టాడు.
యార్డులో ఎవడూ మొదటి బస్తాని ఒకటి అనడు.
రైటర్ కుర్రాడు, ఎక్కడో శ్రీకాకుళం వైపు వాడు,
"ఒకటేదీ?" అన్నాడు.
మళ్లీ మొదటికొచ్చారు.
ఈలోపు కిటికీలోంచి ఘాటు కొట్టి
స్టేషన్ స్టేషనంతా తుమ్మింది.
మూడోసారికి ఇరవై ఆరు తేలాయి.

"ఒకటెక్కువ."
"అది పేలనిది సార్."
"పేలనిదైతే ఉన్న లెక్క."
"నొక్కేశాను సార్, వాడినట్టు రాసుకున్నాను."
"వాడితే ఖాళీ గుల్ల చూపించు."
గుల్ల కావాలంటే పేలాలి.
పేలాలంటే పర్మిషన్ కావాలి.
పర్మిషన్‌కి అర్జీ కావాలి.
అందుకే నా ఇటుక కుర్చీ దగ్గర
ఈ ఎండలో ఈ మనిషి.

రాశాను. చాలా దూరం బాగానే నడిచింది.
"సదరు తూటా" దాకా వచ్చి కలం ఆగింది.
సదరు తూటా ఏమిటి?
నిండుది అంటే కేసు.
ఖాళీది అంటే అబద్ధం.
నా ముప్పై ఏళ్ల మాటల మూటలో
దానికి సరిపోయే గడి లేదు.

నాగుల్ మీరా జేబురుమాలు ముడి విప్పి
దాన్ని నా కాగితాల మీద నిలబెట్టాడు.
ఇత్తడి అడుగున చిన్న నొక్కు.
ఎర్ర ఒళ్లు వెలిసిపోయి కళ్లంలో తాలుకాయలా ఉంది.

"పైన నా పేరు పక్కన ఏం రాశారు?" అన్నాడు.
"మాజీ సిపాయి."
"దానికీ అదే రాయండి."

రాశాను. మాజీ తూటా.
సెక్షన్ వాళ్లు ఎర్ర సిరాతో కొట్టేస్తారు, తెలుసు.
వచ్చే సోమవారం మళ్లీ వస్తాడు, అదీ తెలుసు.

నా ఫీజు నలభై.
పది నోట్లు ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టాడు.
లాభం, రెండు, మూడు, నాలుగు.
ఒకటేదని నేనడగలేదు.